ఎయిడ్స్ నివారణము - క్రైస్తవ మతాధిపతుల దృక్పథములు

1986వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి పడుపువృత్తి స్త్రీల రక్తపు నమూనాలు పరీక్షకై వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తేబడెను. డాక్టరు సునీతి సాలమన్ పర్యవేక్షణమున వానిని సేకరించినవారు సెల్లప్పన్ నిర్మల. ఆఱింట హెచ్.ఐ.వి. కలదని తేలెను. భారతదేశమున ఈ వ్యాధికి అదియే తొలి నిదర్శనము.

వేలూరు తెలుగువారికి పరాయి యూరు కాదు. చిత్తూరు సీమవారు వైద్యమునకై అచటికి పోవుట తరతరముల యలవాటు. 1900లో ఐడా స్కడర్ స్థాపించిన చికిత్సాలయమే ఆ కళాశాలకు మూలము. ఆమె కుటుంబము సేవచేసిన ఆర్కాటు మిషను మన మదనపల్లెలోను పనిచేసినదే. రోగమును కనుగొనుటకు తోడ్పడిన మతము నివారణోపాయముపై తనలో తాను తగవులాడెను.

ఆ తగవు రోగముకంటె ప్రాతది. 1930లో ఆంగ్లికను బిషప్పుల లాంబెత్ సభ సంతాన నిరోధమును కొన్ని నియమములతో దంపతుల కనుమతించెను. 1968లో ఆఱవ పౌలు పోపు కృత్రిమ సాధనములను నిషేధించెను. రోగము బయటపడిన పిదప ఆ నిషేధము కండోము పైకి వచ్చి నిలిచెను.

ఉగాండాలో ఆంగ్లికను గురువు గిడియన్ బ్యాముగిషా భార్య 1991లో మరణించెను. పిమ్మట పరీక్షలో తనకును వ్యాధి సోకెనని తెలియగా, 1992లో ఆయన దానిని బహిరంగముగా ప్రకటించెను. రోగము పాపఫలమను బోధ జనులను సిగ్గుతో పరీక్షకు రానీయకున్నదని ఆయన వాదము. ఆ మాట పీఠమునుండి పలుకుటకు ఎంత గుండె కావలెను!

దక్షిణాఫ్రికాలో రుస్టెన్‌బర్గు బిషప్పు కెవిన్ డౌలింగ్, గనులచెంత రేకుల గుడిసెలలో పొట్టకూటికై శరీరము నమ్ముకొను స్త్రీలను చూచినవాడు. కండోము అడ్డునది జననమును గాదు, మరణమును అని ఆయన వాదించెను. 2001 జూలైలో అచటి కథోలిక బిషప్పులు సమావేశమై కండోము ప్రచారమును ఖండించిరి. అయినను దంపతులలో నొకరికే వ్యాధియున్నచో వారు తమ మనస్సాక్షి ననుసరింపవలెననిరి. వీథివాకిలి మూసి దొడ్డివాకిలి తెఱచినట్లున్నది. ఐనను ఆ దొడ్డిదారినే కొందఱు ప్రాణములు దక్కించుకొనియుందురు.

భారత కథోలిక బిషప్పులు 2005లో వెలువరించిన విధానపత్రము రోగులను వెలివేయరాదనియు, ఆదరింపవలెననియు నొక్కి చెప్పెను.

2009లో కామెరూనునకు పోవుచు పదునాఱవ బెనెడిక్టు పోపు, కండోముల పంపిణీ సమస్యను పెంచుననెను; వైద్యులు మండిపడిరి. 2010 నవంబరులో వెలువడిన సంభాషణ గ్రంథమున, కొన్ని సందర్భములలో దాని వాడుక బాధ్యతవైపు తొలి యడుగు కావచ్చునని ఆయనయే యంగీకరించెను. సభ బోధలో మార్పు లేదని మఱునెలలోనే రోమునుండి వివరణము వచ్చెను.