డిస్కు వేగము ఎక్కడ కొలవాలి?

తిరిగే కుమ్మరి సారెమీద అంచున ఒక చీమ, నడుమ ఒక చీమ ఉన్నవనుకొందాము. రెండూ ఒకే కాలంలో ఒక చుట్టు తిరుగుతవి. కాని అంచుననున్న చీమ ఎక్కువ దూరము పోతుంది. కంప్యూటరు డిస్కును పరీక్షించేవారు ఈ రెండు చీమలను మరువరాదు.

1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన 350 డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లెములు 50 ఉండేవి. అనగా 100 ముఖాలు. ముఖానికి 100 వలయాలు, వలయానికి 500 అక్షరాలు. వెరసి 50 లక్షల అక్షరాలు. వెలుపలి వలయము పొడవైనదైనను, లోపలి దానిలో పట్టినన్నే అందులోనూ వ్రాసేవారు. చోటు వృధాయే. కాని ఎక్కడ చదివినా వేగము ఒక్కటే!

తరువాతివారు ఆ వృధాను మాన్పినారు. పళ్లెమును మండలాలుగా విభజించి, వెలుపలి వలయాలలో ఎక్కువ సమాచారము నింపినారు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు 8.33 మిల్లీసెకండ్లు. ఆ కొద్ది కాలంలో వెలుపలి వలయము లోపలి దానికి దాదాపు రెండింతల సమాచారము అందిస్తుంది. సాధారణంగా డిస్కు చిరునామాలు వెలుపలి అంచునుండే మొదలవుతవి. కనుక కొత్త డిస్కు మొదటి భాగాన్ని మాత్రమే కొలిచినవాడు మోసపోతాడు. మొదట సెకనుకు 200 మెగాబైట్లు, చివర 100 మాత్రమే ఇచ్చే డిస్కును తీసుకొందాము. 1 టెరాబైటు చదువుటకు మొదటి వేగముతో 1 గంట 23 నిమిషాలు చాలును. చివరి వేగముతో 2 గంటల 47 నిమిషాలు కావలెను. తెల్లవారేలోగా నకలు తీయవలసిన కార్యాలయానికి ఇది చిన్న తేడా కాదు.

1998లో ఇంటెల్ సంస్థ అయోమీటరు అను పరీక్షా సాధనాన్ని వెలువరించినది. ఆ యేటనే నవంబరులో కొత్తగూడకు చేరువన, మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఏ సెక్టారు వద్ద మొదలిడవలెనో, ఎంత మేర పరీక్షించవలెనో అయోమీటరుకు ముందే చెప్పవచ్చును. అటుపిమ్మట జెన్స్ ఆక్స్‌బో ఫియో అను సాధనాన్ని వ్రాసినాడు. ప్రతి పరీక్షకూ వేరొక ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చి విసిగినందువల్లనే అది పుట్టినదట! అందులో ఆఫ్‌సెట్ అనునది ఆరంభస్థానము; సైజ్ అనునది మేర. ఆఫ్‌సెట్ 0, సైజ్ 10 శాతము అంటే వెలుపలి అంచు. ఆఫ్‌సెట్ 90 శాతమైతే లోపలి అంచు. రెండు చోట్లా కొలిచి రెండు అంకెలూ వ్రాయవలెను. డైరెక్ట్ అను గుర్తును 1గా ఉంచవలెను. లేనిచో డిస్కుకు బదులు కంప్యూటరు జ్ఞాపకశక్తిని కొలిచినట్లగును. చిన్న మేరలో అక్కడక్కడ చదివించినచో చదివే చేయి కొద్ది దూరమే కదులుతుంది. అంకె మెరుగ్గా కనబడుతుంది. అదీ భ్రమయే.

ఇక్కడ ఒక ప్రమాదమున్నది. పూర్తి డిస్కుపై వ్రాత పరీక్ష నడిపితే అందులోని సమాచారము తుడిచిపెట్టుకొని పోతుంది. అందుచేత ఫియోలో రీడ్‌ఓన్లీ అను కట్టడి ఉన్నది.

నేటి ఘనస్థితి డిస్కులలో పళ్లెమూ లేదు, అంచూ లేదు. అయినా వాటిలో ఎన్నడూ వ్రాయని చోటును చదివితే, యంత్రము లోని కణాలను తాకకనే సున్నలు చూపి ఊరుకోవచ్చును. అందువల్ల పరీక్షించబోయే మేరను ముందుగా నింపి, ఆపైననే కొలుస్తారు.