ఉమ్మడి కంప్యూటర్

ఒకే కంప్యూటరుకు రెండు లేదా అంతకు మించి తెరలు, కీబోర్డులు, మౌస్‌లు కలిపి, ఎవరి పని వారు ఏకకాలంలో చేసుకునేలా అమర్చిన వ్యవస్థను ఉమ్మడి కంప్యూటర్ అనవచ్చు. టైపు చేసేవారికీ లెక్కలు వేసుకునేవారికీ ప్రాసెసరు శక్తిలో స్వల్పభాగమే ఖర్చవుతుంది కాబట్టి, ప్రాసెసరు సమయాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అతి చిన్న కాలఖండాలుగా విభజించి వాడుకరులకు వంతులవారీగా అందిస్తుంది. ఆ వంతులు క్షణంలో అనేకసార్లు తిరుగుతాయి గనుక ప్రతివారికీ యంత్రం తమ ఒక్కరిదే అనిపిస్తుంది.

ఈ ఆలోచనకు ఆద్యుడెవరన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. జాన్ మెకార్తీ 1959 జనవరిలో ఎంఐటీలో ఒక ప్రతిపాదన రాయగా, క్రిస్టఫర్ స్ట్రాచీ అదే ఏడాది జూన్‌లో పారిస్‌లో జరిగిన యునెస్కో సదస్సులో కాలవిభజనపై పత్రం సమర్పించాడు. పలువురు ఎవరి టెర్మినల్ ముందు వారు కూర్చుని పనిచేసే నేటి పద్ధతికి మెకార్తీ ప్రతిపాదనే ఎక్కువ దగ్గరగా కనిపిస్తుంది. ఆచరణలో మొదటిదిగా ఫెర్నాండో కార్బటో బృందం 1961 నవంబరులో ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే కాలవిభజన వ్యవస్థను సాధారణంగా పేర్కొంటారు. అయితే ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ నేతృత్వంలో రూపొందిన ప్లేటో-2 అనే బోధన వ్యవస్థ ఆ ఏడాది తొలి నెలల్లోనే ఇలియాక్-1 యంత్రంపై ఇద్దరు విద్యార్థులకు ఒకేసారి పాఠం చెప్పిందని ఆధారాలున్నాయి. అది పాఠాలకే పరిమితమైనా, ఇద్దరు వాడుకరులన్న అంశం వరకు దానినే ముందు నిలపడం సబబు.

తెలుగు నేలపై ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ కూడా బడిలోనే దొరుకుతుంది. రాష్ట్ర విభజనకు పూర్వం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008 ప్రాంతంలో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య ప్రవేశపెట్టినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ సంస్థ పరికరాలను వినియోగించారు. సంస్థ ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు 10,000 పీసీలపై 50,000 సీట్లు, 18 లక్షల మంది విద్యార్థులు. అంటే సగటున బడికి రెండు పీసీలు, పది సీట్లు. సీటు అంటే ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌస్ కలిసిన కూర్పు. పీసీలో అమర్చిన కార్డు నుంచి నెట్‌వర్క్ తీగ వంటి తీగ ఒక చిన్న పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టెలో హార్డ్‌డిస్కు గాని, ఫ్యాను గాని ఉండవు, తెరకూ కీబోర్డుకూ మౌస్‌కూ స్పీకరుకూ తగిన రంధ్రాలు మాత్రం ఉంటాయి. దాని విద్యుత్ వాడకం కొద్ది వాట్లకు మించదు. పల్లెల్లో కరెంటు కోతలు మామూలుగా ఉన్న ఆ కాలంలో, ధర తగ్గడం కన్నా ఈ గుణమే ఎక్కువ విలువైనదని చెప్పవచ్చు.

పద్ధతిలోని బలహీనతా ఈ అంకెల్లోనే ఉంది. ఒక్క పీసీ మొరాయిస్తే సగం గది తెరలు ఒకేసారి ఆగిపోతాయి. పిల్లలంతా వీడియో పాఠం తెరిస్తే అందరికీ నెమ్మదిస్తుంది. పైగా సీటుకు సగటున 36 మంది పిల్లలు పడతారు కాబట్టి, ఉమ్మడి అమరిక కొరతను తగ్గించిందే గాని తీర్చలేదు.

ఇంట్లో గాని, డీటీపీ కేంద్రంలో గాని ఇద్దరి కోసమే అయితే ప్రత్యేక పెట్టె అక్కరలేదు. రెండో గ్రాఫిక్స్ కార్డు, తెర, కీబోర్డు, మౌస్ ఉంటే లినక్స్‌లో వాటిని రెండో సీటుగా కేటాయించవచ్చు. 2012లో వచ్చిన ఫెడోరా 17 నుంచి, అందుకు తగిన యూఎస్‌బీ పరికరాన్ని తగిలించగానే కొత్త సీటు దానంతట అదే ఏర్పడే సౌకర్యం కూడా వచ్చింది. విండోస్ సాధారణ కూర్పుల్లో మాత్రం లైసెన్సు నిబంధనలు ఒకేసారి ఇద్దరి వాడకాన్ని అనుమతించవు కనుక సర్వర్ కూర్పునే తీసుకోవలసి ఉంటుంది.