సెలెక్టయినోళ్ళకే ఉత్తరం వస్తది

ఎపిసోడ్ విననోళ్ళ కోసం ఎప్పటిలాగే రాసి పెడుతున్నా. సైట్ మీద ఎవరన్నా ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మందలించేది నేనే కాబట్టి, డ్యూటీలో వినమని నేను చెప్పలేను. రూముకు పోయి, అన్నం పొయ్యి మీద పెట్టినంక నిమ్మళంగా చదువుకోండి.

మనలో చాలామంది పిల్లలు ఇంటి దగ్గర ఏదో ఒక పరీక్ష రాసి ఉంటారు. ఫోన్ చేసినప్పుడల్లా మనం అడిగేది ఒకటే, "రిజల్ట్ వచ్చిందా?" అని. ఈసారి ఆ ఎదురుచూపు గురించే. అందులోనూ సైన్సు మీద ఆసక్తి ఉన్న పిల్లలను ఏరి, నెలనెలా డబ్బులిచ్చి చదివించాలని మన దేశంలో పెట్టిన రెండు పరీక్షల చరిత్ర చెప్తా. ఒకటి నేను రాసింది, ఇంకోటి నా బిడ్డ రాసింది. ఇప్పుడు రెండూ లేవు.

నా సంగతి ముందు. 1994-95లో నేను పదో తరగతి. మాది జగిత్యాల పక్కన ఊరు, తెలుగు మీడియం సర్కారు బడి. బాపు సౌదీలో ఉండేవాడు, అమ్మ బీడీలు చేసేది. మా సైన్సు సారు ఒకరోజు ఫారం తెచ్చి "నువ్వు ఇది రాయాల్రా" అన్నాడు. దాని పేరు నేషనల్ టాలెంట్ సెర్చ్. అప్పటికి నాకు ఆ మూడు మాటల్లో ఒక్కదాని అర్థమూ సరిగ్గా తెలువదు. బస్సెక్కి కరీంనగర్ పోయి రాసొచ్చినం, నేనూ ఇంకో ఇద్దరు.

ఆ పరీక్ష చరిత్ర నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. ఎన్‌సీఈఆర్‌టీ 1961లో ఏర్పడింది. రెండేండ్లకే, 1963లో, సైన్సు తెలివి ఉన్న పిల్లలను వెతకడానికి ఒక పథకం మొదలుపెట్టారు. మొదటి ఏడాది ఢిల్లీ వరకే, ఇచ్చింది 10 స్కాలర్‌షిప్పులు. 1964లో దేశమంతటికీ చేసి 350కి పెంచారు. అప్పట్లో దాని పేరులోనే సైన్సు ఉండేది, నేషనల్ సైన్స్ టాలెంట్ సెర్చ్ అని. పదకొండో తరగతి పిల్లలు రాసేవారు. సైన్సు మీద పరీక్షతో పాటు ఒక వ్యాసం రాయాలి, సొంతంగా చేసిన ప్రాజెక్టు రిపోర్టు కూడా తెచ్చివ్వాలి. అవి దాటినోళ్ళకు ఇంటర్వ్యూ. సెలెక్టయితే ఫిజిక్సు, కెమిస్ట్రీ లాంటి మూల శాస్త్రాలు చదవాలి. డాక్టరేట్ వరకూ డబ్బులిస్తారు. ఇంజనీరింగుకో డాక్టరుకో పోతానంటే అప్పట్లో ఇయ్యరు.

1976లో అదంతా మారింది. దేశంలో 10+2+3 చదువు వచ్చింది కదా, దానికి తగ్గట్టు పథకాన్నీ మార్చారు. పేరులోంచి సైన్సు పోయింది. ఇంజనీరింగు, మెడిసిన్, సోషల్ చదివేటోళ్ళకూ స్కాలర్‌షిప్పు ఇవ్వొచ్చన్నారు, సంఖ్య 500 చేశారు. వ్యాసం, ప్రాజెక్టు తీసేసి, గుర్తు పెట్టే ప్రశ్నల పేపర్లు రెండు పెట్టారు. ఒకటి బుర్రకు పదును పెట్టేది, రెండోది చదువుకున్న పాఠాలది. 1983లో 750, 2000లో 1000 అయ్యాయి. 1985 నుంచి పదో తరగతి వాళ్ళకు మాత్రమే. 1985 నుంచి రెండు మెట్లు చేశారు. ముందు రాష్ట్రం వాళ్ళు పరీక్ష పెట్టి కొందరిని ఏరతారు, ఆ కొందరికి ఢిల్లీ వాళ్ళు మళ్ళీ పెడతారు.

నా లెక్కలో ఈ రెండు మెట్లే పెద్ద మార్పు. పరీక్ష రాష్ట్రం చేతికి రావడం వల్ల తెలుగులో రాసే వీలు దొరికింది, మా సారు చేతికి ఫారం వచ్చింది. అది లేకపోతే మా ఊరి పిల్లగాడు ఆ పరీక్ష పేరు కూడా వినకపోవు.

ఆ బుర్ర పేపరు నాకు మస్తు నచ్చింది. ఒక డబ్బాను విప్పి పరిస్తే ఎట్లుంటది, ఒక బొమ్మను పక్కకు తిప్పితే ఏ గీత ఎటు పోతది, ఇట్లాంటివి. పాఠాల పేపరులో తడబడ్డా కానీ ఇందులో టైము తెలియలేదు. ఇప్పుడు నా పని కూడా అదే అనుకోండి. కాగితం మీద గీతలు చూసి బీమ్‌లో ఏ కడ్డీ ఎక్కడ వంగుతదో కండ్ల ముందట తిప్పి చూసుకోవాలె.

పరీక్ష రాసినంక ఎదురుచూడటం మొదలయింది. పదో తరగతి రిజల్ట్ అయితే పేపర్లో నంబర్లు వేస్తారు, బస్టాండు కాడ పేపరు కొని వేలు పెట్టి వెతుక్కుంటాం. దీనికి అట్లాంటిది ఏమీ మాకు తెలువదు. సారును అడిగితే ఆయన చెప్పింది ఇదే: "సెలెక్టయినోళ్ళకే ఉత్తరం వస్తదిరా, బడికి వస్తది."

మా ఇంట్లో పోస్ట్‌మ్యాన్ కోసం ఎదురుచూడటం కొత్త కాదు. బాపు దగ్గర్నుంచి ఉత్తరం రావడానికి రెండు మూడు వారాలు పట్టేది. అమ్మ బీడీల చాట ముందు పెట్టుకుని అరుగు మీద కూసునేది, సైకిల్ గంట వినిపిస్తే చేతులు ఆగేవి. ఆ ఏడు నేనూ ఆమె పక్కన కూసున్నా. తేడా ఏందంటే బాపు ఉత్తరం ఆలస్యమైనా వస్తది. నాది వస్తదో రాదో తెలువదు, ఎప్పటిదాకా చూడాలో కూడా తెలువదు. ఎండాకాలం సెలవులకు బడి మూసినంక కూడా అటెండర్ ఇంటికి పోయి మూడుసార్లు అడిగిన. మూడోసారి ఆయన విసుక్కున్నడు. వాన పడి, ఐటీఐలో సీటొచ్చి, డ్రాఫ్ట్స్‌మ్యాన్ సివిల్‌లో చేరినంక కూడా ఇంకా వస్తదేమో అని లోపల ఉండేది. ఉత్తరం రాలేదు. అంటే సెలెక్ట్ కాలేదని నాకు నేనే అర్థం చేసుకున్నా. కాలేదని చెప్పినోళ్ళు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ లేరు.

ఇక రెండో పరీక్ష. 1999లో కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన మొదలుపెట్టింది. అందరూ కేవీపీవై అంటారు. నడిపింది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. 1963 నాటి ఆలోచనే మళ్ళీ వచ్చిందన్నమాట, మూల శాస్త్రాలు చదివేటోళ్ళకే డబ్బులు. ఇంటర్ ఫస్టియర్, సెకండియర్, బీఎస్సీ మొదటి ఏడాది పిల్లలు రాయొచ్చు. సెలెక్టయి సైన్సు డిగ్రీలో చేరితే నెలకు 5000, ఎమ్మెస్సీకి వచ్చినంక 7000. చాలా ఏండ్లు ఇంటర్వ్యూ కూడా ఉండేది, కరోనా టైములో తీసేశారు. 2006 నుంచి ఐసర్ కాలేజీలు వచ్చాయి, 2015లో మన తిరుపతికీ ఒకటి వచ్చింది. బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ 2011లో డిగ్రీ కోర్సు పెట్టింది. వీటిల్లో సీటుకు కేవీపీవై ర్యాంకు ఒక దారి అయింది. దారి అయినంక కోచింగ్ రాకుండా ఉంటదా? ర్యాంకు తెచ్చుకుని ఆ స్కాలర్‌షిప్పు వదిలేసి ఇంజనీరింగుకు పోయిన పిల్లలూ చాలామంది.

ఇందులో నాకు మింగుడుపడనిది భాష. పేపరు ఇంగ్లీషులో, హిందీలో, అంతే. నా పరీక్ష తెలుగులో ఉంది, దానికన్నా పాతది. కొత్తది తెలుగులో లేదు! 2021లో ఈ సంగతి కర్ణాటక హైకోర్టు దాకా, మద్రాసు హైకోర్టు మధురై బెంచి దాకా పోయింది.

నా బిడ్డ రాసింది సరిగ్గా ఆ ఏడే. ఫీజు 1250 నేనే ఇక్కణ్ణుంచి పంపిన. పరీక్ష 2021 నవంబర్ 7న అన్నారు, వాయిదా పడింది. 2022 జనవరి 9 అన్నారు, అదీ వాయిదా. చివరికి మే 22న పెట్టారు, అదే నెలలో ఇంటర్ పరీక్షలు కూడా. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల. ఇంగ్లీషు పేపరు ముందట పెట్టుకుని, ప్రశ్నను లోపల తెలుగులోకి మార్చుకునేసరికే సగం టైము పోయిందని ఫోన్లో చెప్పింది.

ఇంతలో ఇంకో వార్త వచ్చింది. ఈ పథకాన్ని ఇన్‌స్పైర్ అనే ఇంకో పథకంలో కలిపేస్తున్నారు, ఇక ముందు కేవీపీవై పరీక్ష ఉండదు అని. వచ్చే ఏడు మళ్ళీ రాద్దాంలే అని ధైర్యం చెప్పడానికి లేకుండా పోయింది. నేను రాసిన టాలెంట్ సెర్చ్‌కు కూడా ఆమోదం 2021 మార్చి 31 వరకే, ఆ తర్వాత ఆపేశారు.

ఆ ఎండాకాలం నేను దోహాలో ఉన్నా. జూన్ నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ పొద్దున పదింటి నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించొద్దని రూలు. ఆ టైములో మనుషులు నీడలో పడుకుంటారు, నేను ఫోన్ తీసి ఆ వెబ్‌సైట్ తెరిచేవాణ్ణి. ఇండియా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటది కాబట్టి, వస్తే ఈపాటికి వచ్చే ఉంటదని ఆశ. మా స్కాఫోల్డింగ్ తమ్ముడొకడు "అన్నా, లాటరీ కొన్నవా ఏంది?" అని నవ్విండు.

రిజల్ట్ వచ్చిన రోజు నాకన్నా ముందు ఆమే చూసింది. కాలేదు. ఎన్ని మార్కులు వచ్చినయో, ఎక్కడ ఆగిందో, ఇంకెన్ని కావాల్నో నాకు లెక్క చెప్పింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది కానీ లెక్క మాత్రం తప్పకుండా చెప్పింది. బీఎస్సీలో చేరతనన్నది. ఇన్‌స్పైర్ సంగతి కూడా ఆమే చదివి చెప్పింది. వేరే ఎంట్రన్స్ రాయకున్నా, ఇంటర్ బోర్డులో మార్కుల ప్రకారం పైన ఒక శాతంలో ఉండి, సైన్సు డిగ్రీలో చేరితే ఏడాదికి 80,000 దాకా ఇస్తారట. మీ పిల్లలు ఎవరన్నా ఇంటర్ సైన్సు చదువుతుంటే ఇది చెవిన వేయండి.

ఫోన్ పెట్టేసే ముందు ఆమె అడిగింది, "డాడీ, నువ్వు రాసినప్పుడు నీకెన్ని మార్కులొచ్చినయ్?"

నాకు తెలువదు బిడ్డా అన్న. ఆమె నమ్మలేదు. తక్కువొచ్చినయని దాస్తున్నా అనుకున్నది.