చుక్కల్లేని చోటు

1968 డిసెంబరు. చంద్రుడి దగ్గరికి వెళ్తున్న అపోలో 8 నౌకలో కుడివైపు సీటు మీది. అసలది బిల్ ఆండర్స్‌ది, కాసేపు మీరు కూర్చోండి. ఆ చివర ఫ్రాంక్ బోర్మన్, మధ్యలో జిమ్ లవెల్. చేతిలో పెన్ను వదిలితే పడిపోవడం లేదు, ముక్కు ముందే తేలుతోంది.

భూమి లాగడం మానేసిందా? లేదు. మిమ్మల్నీ పెన్నునూ నౌకనూ ఒకే తీరుగా లాగుతోంది, అందుకే తేడా తెలియడం లేదు. అనుమానముంటే వేగం చూడండి. బయల్దేరినప్పుడు సెకనుకు దాదాపు 11 కిలోమీటర్లు. రెండున్నర రోజులకు ఒక్క కిలోమీటరు. బ్రేకు ఎవరూ వేయలేదు. వెనక నుంచి భూమి గుంజుతూనే ఉంది.

పట్టు మాత్రం సడలుతోంది. భూకేంద్రం నుంచి దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. దారిలో పదింట తొమ్మిది వంతులు దాటారు. భూమి లాగుడూ చంద్రుడి లాగుడూ ఇక్కడ సమానం. సగం దారిలో కాకుండా ఇంత దూరం వచ్చాకా? భూమి ద్రవ్యరాశిలో చంద్రుడిది 81వ వంతే మరి. అంత చిన్నవాడు సమఉజ్జీ కావాలంటే మీరు భూమికన్నా తొమ్మిది రెట్లు వాడికి దగ్గరగా ఉండాలి. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి, చిన్నప్పటి ఎక్కమే.

అక్కడి నుంచి పడుతున్నారు. చంద్రుడి మీదికి. కిటికీలోకి మాత్రం వాడు ఇంతవరకూ రానే లేదు.

డిసెంబరు 24. చంద్రుడి వెనక్కి వెళ్లారు. చెప్పిన సెకనుకే భూమ్మీది హ్యూస్టన్ కేంద్రం గొంతు ఆగిపోయింది. కిటికీ నిండా చుక్కలు. ఒకచోట ఉన్నట్టుండి ఏమీ లేదు. ఆ నలుపే చంద్రుడు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

వేగం తగ్గించి చంద్రుడి కక్ష్యలో చేరాలంటే ఉన్నది ఇంజిన్ ఒక్కటే. మండించకపోతే చంద్రుడే మీ దారి వంచి భూమివైపు పంపేస్తాడు. దారిని అలాగే గీశారు, పిరికితనానికి కాస్త చోటు ఉంచారన్నమాట. మండించి ముందే ఆపేస్తే ఎటు పోతారో. ఎక్కువసేపు మండిస్తే నేలకు గుద్దుకుంటారు.

తెరమీద 99 మినుకుమంటోంది. సరేనా అని కంప్యూటర్ అడుగుతోంది. ఐదు సెకన్లు.

సరేనా?

లవెల్ మీట నొక్కాడు.

వీపు సీటుకు అతుక్కుంది. ఒక నిమిషం. రెండు. ఆపొద్దు. మూడు. ఇంకా. నాలుగు. మరో ఏడు సెకన్లు.

ఆగింది.

తెరమీద కక్ష్య: దగ్గర 111 కిలోమీటర్లు, దూరం 310. చంద్రుడికి చిక్కారు. హ్యూస్టన్‌కు ఇంకా తెలియదు. వాళ్ల కళ్లు గడియారం మీదే. మీ సిగ్నల్ తొందరగా వస్తేనే వాళ్లకు గుబులు. ఇంజిన్ మండక వేగం తగ్గనివాళ్లే ముందుగా బయటికొస్తారు.