వినయమే విద్యాద్వారము: యబ్నె విద్యాసభ చెప్పిన పాఠము

రాజ్యమును కోల్పోయిన జాతికి గ్రంథమే కోట, పాఠశాలయే రాజధాని. ఇందులకు యూదుల చరిత్రకంటె గొప్ప నిదర్శనము దొరకుట కష్టము. క్రీ. శ. 70లో రోమను సేనలు యెరూషలేములోని దేవాలయమును దగ్ధము చేసినవి. దానితో బలులును, యాజకుల అధికారమును అంతరించెను. అంతట యోహానాను బెన్ జక్కయి అను గురువు సముద్రతీరమునకు సమీపముననున్న యబ్నె పట్టణమున పండితులను సమకూర్చి విద్యాసభను నిలిపెను. ధర్మశాస్త్రాధ్యయనమే ఇక జాతికి ప్రాణమయ్యెను. అయినచో, ఆ విద్యకు పాత్రుడెవడు? ద్వారము ఎవరికి తెరవవలెను? ఈ ప్రశ్నకు లభించిన సమాధానములోనే యూదధర్మమున వినయమునకుగల స్థానము తెల్లమగుచున్నది.

హెబ్రీ భాషలో వినయమునకు 'అనావా' యని పేరు. ఫరో యెదుట నిర్భయుడై నిలిచిన మోషేనే సంఖ్యాకాండము భూమిమీది మనుష్యులందరిలో మిక్కిలి సాత్వికునిగా కీర్తించినది. కావున అనావా పిరికితనము కాదు, ఆత్మనింద కాదు. తన యెరుకకు హద్దు కలదని యెరిగి, ఎదుటివానికి చోటిచ్చుటయే దాని సారము.

హేరోదు కాలమున బాబిలోనునుండి వచ్చిన హిల్లేలు ఈ గుణమునకు ప్రసిద్ధుడు. అతని శిష్యులకును, షమ్మాయి శిష్యులకును శాస్త్రవిషయములలో తీవ్రమైన వాదములు నడచెను. ఇరుపక్షముల మాటలును దైవవాక్యములే యైనను, ఆచరణమున హిల్లేలు పక్షమే గ్రాహ్యమని ఒక దివ్యవాణి పలికినట్లు తాల్మూదు చెప్పుచున్నది. కారణమేమి? వారు అధిక మేధావులని కాదు. వారు మృదుస్వభావులు, ప్రతిపక్షమువారి మతమును గూడ బోధించిరి, అంతియేకాదు, తమదానికంటె దానినే ముందు చెప్పిరి. వాదమున గెలుపును వినయమునకు ముడిపెట్టిన ఈ తీర్పు గమనింపదగినది.

విచిత్రమేమనగా, ఆ హిల్లేలు వంశీయుడే యైన రెండవ గమలీయేలు యబ్నెలో సభాధిపతియై కఠినశాసనుడయ్యెను. లోపల నొకటి, వెలుపల నొకటిగానున్న విద్యార్థి సభలో ప్రవేశింపరాదని నియమించి, వాకిట కావలివానిని నిలిపెను. జాతి చెల్లాచెదరు కాకుండ సభకు ఒకే మాట, ఒకే కట్టుబాటు ఉండవలెనని అతని తలంపు కావచ్చును. ఒకనాడు సాయంకాల ప్రార్థన విధియా, ఐచ్ఛికమా యను చర్చలో, తనతో భేదించిన వృద్ధపండితుడు యెహోషువను సభాప్రసంగము జరుగుచుండగా నిలుచుండబెట్టి అవమానించెను. సభ్యులు సహింపలేదు. అతనిని పదవినుండి తొలగించి, యువకుడైన ఎలియాజరు బెన్ అజర్యాను అధిపతిగా నెన్నుకొనిరి. ఆ దినముననే కావలివాడు తొలగెను, ద్వారము తెరువబడెను. నాలుగువందల బల్లలు అదనముగా వేయవలసివచ్చెనని ఒకరును, ఏడువందలని మరియొకరును చెప్పినట్లు తాల్మూదు వ్రాసినది. ఇన్నాళ్లు ఇంతమందికి విద్యను నిరోధించితినా యని గమలీయేలు కలతచెందెను. ఐనను అలిగి ఇల్లు చేరలేదు. పదవి పోయిన దినమున సైతము సామాన్యసభ్యునివలె కూర్చుండి చర్చలో పాల్గొనెను.

పిమ్మట అతడు క్షమాపణకై యెహోషువ ఇంటికి పోయెను. గోడలన్నియు మసిబారియుండెను. ఆ మహాపండితుడు బొగ్గుతోడి పనిచేసి పొట్టపోసికొనుచున్నాడని నాయకునకు అప్పుడే తెలిసినది. పండితుల కష్టమెరుగని నాయకునిగల తరము దుఃఖింపదగినదని యెహోషువ నిష్ఠురమాడెను, తొలుత క్షమింపలేదు, తుదకు క్షమించెను. గమలీయేలు మరల పీఠమెక్కెను. కాని ఎలియాజరును దించివేయలేదు. ప్రసంగించు వారములను ఇరువురకును పంచిరి. కావలివాడు మరల వాకిట నిలిచినట్లు ఆ కథలో ఎచ్చటను లేదు.

ఈ వృత్తాంతము శతాబ్దముల పిమ్మట గ్రంథస్థమైనది గనుక, ప్రతి వివరమును యథార్థ చరిత్రగా గ్రహించుట తగదు. కాని ఒక జాతి తన నాయకుని తప్పును దాచక, తరతరముల విద్యార్థులచే చదివించుటయే గొప్ప చారిత్రక సత్యము. క్రీ. శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాలో ఓడిన పక్షముల అభిప్రాయములును భద్రపరుపబడినవి. విద్య నీటివంటిది, ఎత్తు విడిచి పల్లమునకే పారునని ఆ గురువుల ఉపమానము. సాధారణముగా గుణములందు మధ్యమార్గమును విధించిన మైమోనిడీసు (1138–1204) అహంకార విషయమున మధ్యమము చాలదనెను. 19వ శతాబ్దమున లిథువేనియాలో ఇశ్రాయేలు సలాంటరు నడిపిన 'ముసార్' ఉద్యమము ఆత్మపరీక్షను నిత్యసాధనగా చేసినది. వీరందరి దృష్టిలో ఆత్మోన్నతికి మొదటిమెట్టు క్రిందికి దిగుటయే.

స్వప్రాంతమునకు వెలుపల భాషను నిలుపుకొనుచున్న మనకు ఈ ఘట్టము పరాయిది కాదు. హొసూరులోగాని, కోలారులోగాని, బరంపురములోగాని తెలుగింటి బిడ్డ ఇరుగుపొరుగు భాషల పలుకులు కలిసిన ఇంటి తెలుగుతోనే బడికి వచ్చును. అది తప్పు తెలుగని నవ్వు ఉపాధ్యాయుడు, తా నెరుగకయే, వాకిట కావలివాడగుచున్నాడు. ఆ బిడ్డ మరుసటియేడు వేరొక మాధ్యమమున చేరును. తరగతిలో ఒక బల్ల ఖాళీయగును. గ్రంథభాషను నేర్పవలసినదే, కాని హిల్లేలు శిష్యులవలె ముందు బిడ్డ మాటను విని, పిదప మన మాట చెప్పుదము. బల్లలు నిండిననే గదా భాష నిలుచుట!