దాచుకోని విద్య

1858లో కెప్టెన్ లీనియస్ ట్రైప్ మద్రాసులో ఉన్న అమరావతి శిల్పాలను వరసపెట్టి ఫొటోలు తీశాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి కృష్ణ ఒడ్డు నుంచి మద్రాసుకు తరలించిన పలకలవి. ట్రైప్ ఫొటోలు తీసిన మరుసటి ఏడాదే వాటిలో చాలావాటిని ఓడెక్కించి లండన్‌కు పంపేశారు. అక్కడా వాటికి వెంటనే తగిన చోటు దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గూసన్ కంటపడేదాకా కొన్ని పలకలు గుర్రపుబగ్గీల కొట్టంలో మరుగున పడి ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం చేరేసరికి 1880 అయింది. ఇన్ని చోట్లు మారిన ఆ రాళ్లు దేశం దాటకముందు ఏ స్థితిలో ఉన్నాయో చెప్పే గట్టి సాక్ష్యాల్లో ట్రైప్ ఫొటోలు ఒకటి. అంతకు ముందు కోలిన్ మెకంజీ బృందం గీసిన బొమ్మలు ఉన్నాయి, వాటి విలువ వాటిదే. కానీ గీసే చేయి విరిగిన అంచును తెలియకుండానే సరిచేస్తుంది, అరిగిన ముఖానికి కళ్లు పెడుతుంది. ఫొటో ఆ పని చేయదు. అయితే ఫొటో మసకగా వస్తే, కాలక్రమేణా వెలిసిపోతే, సాక్ష్యంగా దానికి విలువ ఉండదు. ట్రైప్ ప్రింట్లలో ఉలి దెబ్బలు లెక్కపెట్టగలిగినంత వివరం ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన చేతి నేర్పు నుంచి అని అందరూ అంటారు, అందులో నిజముంది. ఆ నేర్పు వెనక మరొకటి కూడా ఉందని నా వాదన. డబ్బుకోసం కాక ఇష్టంకొద్దీ కెమెరా పట్టిన కొన్ని వందలమంది, తమ ఫొటోలు ఒకరికొకరు చూపించుకుని, పాడైనది ఎందుకు పాడైందో దాచకుండా చెప్పుకున్నారు. ఫొటోగ్రఫీ తొలి అర్ధశతాబ్దిలో చిత్రనాణ్యత పెరగడానికి అసలు కారణం ఆ అలవాటే.

ఇది మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కాగితంమీద నెగటివ్ తీసే కెలోటైప్ పద్ధతికి 1841లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. డబ్బు కట్టనిదే ఎవరూ ఆ పద్ధతి వాడకూడదు. ఆ పేటెంట్ స్కాట్లండ్‌కు వర్తించలేదు. ఎడింబరోలో కొందరు మిత్రులు కెలోటైప్ క్లబ్ పెట్టుకుని 1840లలోనే ఫొటోలు మార్చుకున్నారంటే ఇదొక ముఖ్య కారణం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకమీద కొలోడియన్ పూసి నెగటివ్ తీసే పద్ధతిని కనిపెట్టి, పేటెంట్ జోలికి పోకుండా ఒక రసాయన పత్రికలో అచ్చువేయించాడు. కాగితం నార అడ్డం లేకపోవడంతో గాజు నెగటివ్ నుంచి వచ్చే ప్రింటులో వివరం ఒక్కసారిగా పెరిగింది. ఆ తర్వాత లోకమంతా ముప్ఫై ఏళ్లపాటు ఆ పద్ధతిమీదే బతికింది. ఆర్చర్ మాత్రం 1857లో పేదవాడిగానే చనిపోయాడు. అదే 1851లో పారిస్‌లో గుస్తావ్ లె గ్రే, కాగితానికి ముందే మైనం పట్టించే పద్ధతిని ప్రచురించాడు. మైనం కాగితం రంధ్రాలు పూడుస్తుంది కాబట్టి గీత సన్నగా వస్తుంది. సిద్ధంచేసిన కాగితం కొన్ని రోజులపాటు నిలవుంటుంది. ప్రయాణంలో ఉన్నవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఒత్తిడి పెరిగి 1852లో టాల్బట్, డబ్బు తీసుకుని మనుషుల ఫొటోలు తీసే వ్యాపారం ఒక్కటి మినహాయించి, మిగతా హక్కులు వదులుకున్నాడు. అలా దారి తెరుచుకోగానే 1853 జనవరిలో లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ మొదలైంది.

ఆ సొసైటీ తొలినాటి చర్చలు ఈనాటి వాదనలకు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. సర్ విలియం న్యూటన్ అనే చిత్రకారుడు ఫొటో మరీ పదునుగా ఉండనక్కర్లేదు, కాస్త ఫోకస్ తప్పితే కళకు మేలని వాదిస్తే, వివరం లేని ఫొటో ఎందుకని తక్కినవాళ్లు లేచారు. ఆ పేచీ ఇప్పటికీ తీరలేదు. అంతకన్నా పెద్ద బెడద ప్రింట్లు వెలిసిపోవడం. రెండు మూడేళ్లకే పసుపు తిరిగిపోతున్న ప్రింట్లను చూసి 1855లో సొసైటీ ఒక కమిటీ వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ అందుకు 50 పౌండ్లు ఇచ్చాడు. కమిటీ తేల్చిన ముఖ్య విషయం, ప్రింటును సరిగా కడగకపోతే మిగిలిపోయే హైపో (చిత్రాన్ని స్థిరపరిచే రసాయనం) దాన్ని లోపలి నుంచే తినేస్తుందని. పట్నాల గాలిలోని గంధకమూ, తేమా తోడైతే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. గొప్పవాళ్లమని చెప్పుకునేవాళ్లు తమ ఫొటోలు వెలిసిపోయాయని బహిరంగంగా ఒప్పుకుంటేనే ఇలాంటి కమిటీ సాధ్యమవుతుంది. అదే ఏడాది అక్కడి ఎక్స్‌ఛేంజ్ క్లబ్ సభ్యులు తమ ప్రింట్లను ఒకరికొకరు పంచుకుని ఆల్బంగా కట్టుకున్నారు. ఫొటోతోపాటు ఏ పద్ధతిలో తీశారో, ఏ లెన్సు వాడారో కూడా రాసుకున్నారు. ఫొటోను దాని తయారీ వివరం నుంచి విడదీయకుండా ఇచ్చిపుచ్చుకోవడం ఆ రోజుల్లో మర్యాద.

ఈ మర్యాద మన దేశానికి వచ్చేసరికి అవసరంగా మారింది. బొంబాయిలో 1854లో, కలకత్తాలో, మద్రాసులో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. మద్రాసు సొసైటీ వెనక ఉన్నవాడు అక్కడ 1850లో చిత్రకళా పాఠశాల తెరిచిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్. లండన్‌లో అచ్చయిన పుస్తకం మద్రాసు ఎండలో పనిచేయదు. కొలోడియన్‌లో ఉండేవి ఈథర్, ఆల్కహాలు. వేసవిలో అవి చూస్తుండగానే ఆవిరైపోతాయి. పలక తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, ఫొటో తీసి, చీకటి గుడారంలోకి తెచ్చి కడగాలి. చల్లటి దేశంలో దానికి పదినిమిషాల వ్యవధి దొరికితే ఇక్కడ అందులో సగం దొరకడం కష్టం. బావినీళ్లలోని ఉప్పు సిల్వర్ నైట్రేట్‌తో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది. తడి పలకమీద వాలిన ధూళికణం ప్రతిదీ ప్రింటులో చుక్కై కనిపిస్తుంది. వానాకాలం కాగితానికి బూజు. ఆనాటి రసాయనాలు నీలిరంగుకే ఎక్కువగా స్పందించేవి కాబట్టి ఆకాశం తెల్లగా చదునైపోయేది, చెట్ల పచ్చదనం నల్లబడేది. ఈ చిక్కుల్లో చాలావాటికి ఇంగ్లండ్ పుస్తకాల్లో జవాబు లేదు. పక్క ఊళ్లో ఉన్నవాడు ఏం చేసి గట్టెక్కాడో తెలుసుకోవడం ఒక్కటే దారి. బొంబాయి సొసైటీ తన పత్రికే నడిపింది. 1856 నుంచి రెండేళ్లపాటు అక్కడ నెలనెలా అసలు ప్రింట్లు అంటించిన ఒక ఆల్బం కూడా వెలువడింది. దాని పేరులోనే అది భారతదేశపు ఔత్సాహికులదని చెప్పుకున్నారు. అచ్చుపుస్తకంలో ఫొటో వేయడం సాధ్యంకాని కాలంలో, మరొకరి ప్రింటును చేతబట్టుకుని తన ప్రింటు పక్కన పెట్టి చూసుకోవడానికి ఇదే మార్గం.

ట్రైప్ తయారైంది ఈ వాతావరణంలో. సెలవుమీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఫొటోగ్రఫీ నేర్చుకుని లండన్ సొసైటీలో తొలి సభ్యుల్లో ఒకడయ్యాడు. తిరిగివచ్చాక 1854 చివర బేలూరు, హళేబీడు గుళ్లను సొంత సరదాతోనే తీశాడు. 1855 మద్రాసు ప్రదర్శనలో వాటిని పెడితే న్యాయనిర్ణేతలు మొదటి తరగతి పతకం ఇచ్చారు. ఆ ఏడాదే బర్మా రాయబార బృందంతో వెళ్లాడు. 1856లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా నియమితుడయ్యాడు. అంటే ఉద్యోగం కన్నా ముందు అభిరుచి, అభిరుచికి తోడు నలుగురి పరీక్ష. ఎండకు తట్టుకునే మైనం కాగితాన్ని ఎంచుకోవడంలో, తెల్లబోయిన ఆకాశానికి నెగటివ్ మీదే రంగు అద్ది మబ్బులు తేవడంలో ఆయన వాడుకున్నది అప్పటికే ఔత్సాహికుల మధ్య నలుగుతున్న విద్య. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్‌కు ఈ ఖర్చు దండగనిపించి ఆ పనికి ముగింపు పలికాడు. అప్పటికి అమరావతి ప్రింట్లు చేతికొచ్చేశాయి, అది మన అదృష్టం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఆ సొసైటీల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లదొరలు, సైనికాధికారులు, ఈస్టిండియా కంపెనీ వైద్యులు. తీరికా డబ్బూ వాళ్లకున్నాయి, రసాయనాలు ఓడలో తెప్పించుకోగల స్తోమత ఉంది. వాళ్ల ఫొటోలు కూడా చివరికి పాలకుల అవసరానికే వెళ్లాయి. 1855లోనే కంపెనీ డైరెక్టర్లు కట్టడాలను నమోదు చేయడానికి చిత్రకారుల బదులు కెమెరా వాడమని సూచించారు. దీన్ని విద్య పంచుకోవడం అని పొగడవచ్చా? ఈ ప్రశ్నను తప్పించుకోవడం తగదు. కలకత్తా సొసైటీలో బాధ్యతలు మోసిన పండితుడు రాజేంద్రలాల్ మిత్ర 1857లో నీలిమందు దొరల దౌర్జన్యాన్ని సభలో విమర్శించినందుకు ఆయన్నే సొసైటీ నుంచి వెళ్లగొట్టారు. ఫొటో గురించి ఎంత స్వేచ్ఛగా మాట్లాడుకున్నా, రైతు గురించి మాట్లాడేసరికి తలుపు మూసుకుంది. ఇది ఆ చరిత్రమీద చెరగని మచ్చ. పెట్టెలు మోసి, నీళ్లు వడగట్టి, పలకలు కడిగిన మన పనివాళ్ల పేర్లు ఎక్కువగా ఎక్కడా కనిపించకపోవడం అంతకన్నా పెద్ద మచ్చ. అయినా ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదు, దానికి హద్దు గీస్తుంది. బొంబాయిలో డాక్టర్ భావు దాజీ, ఆయన తమ్ముడు నారాయణ్ దాజీ మొదటినుంచీ సొసైటీలో ఉన్నారు. అక్కడి ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో, మద్రాసులో హంటర్ పాఠశాలలో మన కుర్రాళ్లు ఫొటోగ్రఫీ నేర్చుకున్నారు. అచ్చులో బయటికొచ్చిన పద్ధతి చదవగలిగిన ప్రతివాడిదీ అయింది. అదే పేటెంట్ కింద ఉండి ఉంటే, దొరల క్లబ్బు దాటి బయటికి వచ్చేదే కాదు.

నాణ్యతను పెంచింది వ్యాపారస్థులేనని మరికొందరంటారు. కెమెరా లెన్సులు చేసినవి కంపెనీలు, కాబట్టి ఈ మాటలో పస లేకపోలేదు. కానీ మలుపులు ఎక్కడ వచ్చాయో చూస్తే చిత్రం వేరు. తడి పలక బాధ వదిలించింది రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే వైద్యుడు. 1871లో జెలటిన్‌తో చేసిన పొడి పలక గురించి పత్రికలో రాసి, దాన్ని పూర్తిచేసే వెసులుబాటు తనకు లేదు గనుక మిగతావాళ్లు చేపట్టమని వదిలేశాడు. 1878 నాటికి చార్లెస్ బెనెట్ అనే మరో ఔత్సాహికుడు ఆ జెలటిన్ మిశ్రమాన్ని వెచ్చగా కొన్ని రోజులు నిలవుంచితే పలక ఎన్నోరెట్లు చురుగ్గా పనిచేస్తుందని తేల్చి, ఆ రహస్యమూ అచ్చువేశాడు. రాచెస్టర్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉన్న జార్జ్ ఈస్ట్‌మన్ వంటింట్లో ప్రయోగాలు మొదలుపెట్టింది ఇలాంటి రాతలు చదివే. 1888 నాటి కొడాక్ కెమెరా ఈ ఔత్సాహికులు వేసిన పునాదిమీద లేచింది. వ్యాపారం దాన్ని లక్షలమందికి చేర్చింది, ఆ ఘనత దానికి ఇద్దాం. హిమాలయాల ఫొటోలతో పేరుమోసిన శామ్యూల్ బోర్న్ కూడా నాటింగ్‌హామ్‌లో బ్యాంకు ఉద్యోగి. 1863లో భారతదేశం వచ్చి స్టూడియో పెట్టాక కూడా తన ప్రయాణాల కష్టనష్టాలు వివరంగా ఇంగ్లండ్ పత్రికకు రాస్తూనే ఉన్నాడు. మన హైదరాబాదుకు వన్నె తెచ్చిన రాజా దీన్‌దయాళ్ సంగతీ అంతే. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేసుకుంటూ 1874 ప్రాంతంలో సరదాకి కెమెరా పట్టాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ కావడానికి ఆయనకు మరో పదేళ్లు పట్టింది. స్టూడియోలు ఔత్సాహికులను తయారుచేయలేదు. ఔత్సాహికులే స్టూడియోలు పెట్టారు.

మూడో అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోస్తుంది. నలుగురూ సలహా ఇచ్చేచోట నలుగురి ఫొటోలూ ఒకేలా తయారవుతాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఇది కళ్లెదుటే జరిగింది. సలాన్‌లనే పోటీ ప్రదర్శనలు పెరిగాయి, మన దేశంలోనూ 1950లలో ఫొటోగ్రఫీ సంఘాల సమాఖ్య ఏర్పడింది, ప్రింట్లు టపాలో ఊరూరా తిరిగి, వెనక ముద్రలు వేయించుకుని వచ్చేవి. పొద్దుపొడుపులో పడవ, ముడతలుపడ్డ ముసలి ముఖం, ధూళిలో ఇంటికొచ్చే మంద పతకాలు తెచ్చేవి, పతకాలు తెచ్చేవాటినే జనం తీసేవారు. ఇది నిజమైన నష్టం. అయితే ఈ నష్టం సలహా వల్ల వచ్చిందా, పతకం వల్ల వచ్చిందా అని విడదీసి చూడాలి. 1855 నాటి లండన్ కమిటీ ఎవరికీ మార్కులు వేయలేదు. ప్రింటు ఎందుకు చెడిందో వెతికింది. ఫొటో బాగుందా లేదా అన్న తీర్పు చెప్పడం వేరు, అది ఇలా ఎందుకు వచ్చిందన్న కారణం చెప్పడం వేరు. మొదటిది అనుకరణను పెంచుతుంది, రెండోది చేతికి పనిముట్టునిస్తుంది.

ఈ చరిత్రను రాసుకోవడంలో తెలుగునేల వెనకబడలేదు. భారతీయ ఫొటోగ్రఫీ గురించి జి. థామస్ రాసిన చరిత్ర, 1840 నుంచి 1980 దాకా, 1981లో హైదరాబాదు నుంచి వచ్చింది. ప్రచురించింది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫొటోగ్రఫీ అకాడమీ. ఆ పుస్తకానికి తోడు కావలసిన సామగ్రి ఇంకా ఇళ్లలోనే ఉంది. మీ ఇంట్లో పాత ప్రదర్శన కేటలాగులు, వెనక న్యాయనిర్ణేతల మాటలున్న ప్రింట్లు, డెవలపర్ పాళ్లు రాసుకున్న నోటుబుక్కులు ఉంటే తూకానికి వేయకండి. తారీఖు, ఊరు, తీసినవారి పేరు, కెమెరా వివరం తెలిసినంతవరకు పెన్సిలుతో రాసి, దగ్గరలోని గ్రంథాలయానికో విశ్వవిద్యాలయానికో అప్పగించండి.