వీధిని చూసే గోడలు: షెఖావతీ భిత్తిచిత్రాలు

భారతీయ భిత్తిచిత్రకళ అనగానే చదువరి మనసు సాధారణంగా ఏదో ఒక కప్పు కిందికి పోతుంది. అజంతా చిత్రాలను చూడాలంటే గుహలో ప్రవేశించాలి. లేపాక్షి వీరభద్రాలయంలోని పదహారవ శతాబ్ది చిత్రాలకోసం మండపంలో నిలబడి తల పైకెత్తాలి. చిత్రం తన చోట తాను ఉంటుంది. చూడదలచినవాడు దానిని వెదుక్కుంటూ వెళతాడు. ఈశాన్య రాజస్థాన్‌లోని షెఖావతీ ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్దంలో ఈ వరుస తారుమారైంది. అక్కడి వర్తకులు తమ ఇళ్ల వెలుపలి గోడలను వీధిన పోయే ప్రతివారికీ కనిపించేటట్లు బొమ్మలతో నింపించారు. నీళ్లకు పోయే స్త్రీకి, ఒంటెను తోలుకొనిపోయే బేహారికి, అంగడినుండి ఇల్లు చేరే పిల్లవానికి ఎవరి అనుమతితోనూ పనిలేని చిత్రశాల అది.

పదిహేనవ శతాబ్దికి చెందిన రావ్ షేఖా పేరుమీద ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. నేటి ఝున్‌ఝునూ, సీకర్ జిల్లాలు ప్రధానంగా ఇందులో చేరుతాయి. వాన తక్కువ, ఇసుక ఎక్కువ. అయినా గుజరాత్ రేవులనుండి ఢిల్లీ వైపు, గంగామైదానం వైపు సాగే బిడారు బాటలు దీనిగుండా పోవడం వల్ల వర్తకం వర్ధిల్లింది. స్థానిక ఠాకూర్లు సుంకాలు తగ్గించి వర్తకులను చేరదీశారు. బ్రిటిష్ వారి రేవుపట్టణాలు బలపడి ఆ బాటలు సన్నగిల్లిన తరువాత ఇక్కడి మార్వాడీ కుటుంబాలు కలకత్తాకు, బొంబాయికి తరలాయి. పోద్దార్లు, గోయెంకాలు, రుయాలు, బిర్లాలు ఈ నేలకు చెందినవారే. సుమారు 1830 నుండి 1930 వరకు వారు స్వగ్రామాలకు పంపిన ధనం హవేలీలుగా, ధర్మశాలలుగా, ఛత్రీలుగా, బావులుగా రూపుదాల్చింది. బావి చుట్టూ లేపిన నాలుగు మినార్లు దూరపు బాటసారికి నీటి జాడ తెలిపేవి. యజమాని కలకత్తాలో ఉన్నా, అతని ఉన్నతి ఎంతటిదో ఊరివారికి గోడ చెప్పాలి. చిత్రాలు వెలుపలికి రావడానికి ఇదే ముఖ్యకారణమని తోస్తుంది. పరశురాంపురాలో 1750 నాటి ఠాకూర్ శార్దూల్ సింగ్ ఛత్రీలోని చిత్రాలు గుమ్మటం లోపలనే ఉన్నాయన్నది ఇక్కడ గమనార్హం.

ఈ చిత్రాలు వేసినవారిని చెజారాలంటారు. వీరిలో చాలామంది కుమ్మరి కులస్థులు. గోడ కట్టినచేతే బొమ్మ కూడా వేసేది. వెలుపలి గోడకు అనేక పూతల సున్నపు గచ్చు పూసి, పైపూతలో మెత్తగా నూరిన పాలరాతి పొడి కలిపి, అది పచ్చిగా ఉండగానే రంగు వేసేవారు. ఆరుతున్న సున్నం గాలి సోకి గట్టిపడుతూ రంగును తనలో బంధించుకొంటుంది. గచ్చు ఆరితే ఈ పని సాగదు. కనుక ఒకనాటి పనికి సరిపడినంత గచ్చునే పూసుకోవాలి. ఆపైన నున్నని రాతితో మెరుగు పెట్టి, కొబ్బరినూనె రుద్దేవారు. కావి, పసుపుమన్ను, నీలిమందు, కాటుక, సున్నం - తొలినాళ్ల రంగులు ఇంతే. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఐరోపానుండి రసాయన వర్ణాలు దిగుమతి అయ్యాయి. వాటితో ఆరిన గోడమీదనే తీరికగా వేయవచ్చు. ఎరుపూ నీలమూ కళ్లు మిరుమిట్లు గొలిపేటట్లు వచ్చాయి కాని, గోడతో ఏకం కాలేదు. పాత కావిరంగు నిలిచిన వీధిలోనే కొత్త రంగులు పెచ్చులూడి కనిపించడం ఈ పట్టణాలలో అరుదు కాదు.

లోపలి అంతఃపుర గదులలో చిత్రకారునికి ఏకాంతం ఉండవచ్చు. వెలుపలి గోడమీద మాత్రం పరంజా ఎక్కింది మొదలు అతని పని వీధి కళ్ల ఎదుటనే సాగేది. అందుకే వస్తువులో వీధికి తెలిసినది, వీధి తెలుసుకోగోరినది రెండూ చోటు చేసుకున్నాయి. కృష్ణలీలలు, రామాయణ ఘట్టాలు, ఒంటెపై సాగిపోయే ఢోలా మారూల జంట, గుమ్మానికి ఇరువైపులా ఏనుగులు తెలిసిన కథలు. వాటి పక్కనే రైలుబండి. ఈ ప్రాంతంలో పట్టాలు పడకమునుపే అది గోడలమీదికి వచ్చింది. పెట్టెలు కిటికీలున్న ఇళ్ల వరుసలా ఉంటాయి. ప్రవాసంనుండి తిరిగివచ్చినవారి మాటలు, అచ్చుబొమ్మలు తప్ప చిత్రకారునికి వేరే ఆధారం లేదు. ఈ తప్పులను చూసి నవ్వుకొనే విమర్శకులున్నారు. చరిత్ర విద్యార్థికి మాత్రం ఆ తప్పులే విలువైనవి. రైలును చూడని ఊరు దానిని ఏ రీతిగా ఊహించుకొన్నదో తెలిపే పత్రం మరొకటి దొరకదు. క్రమంగా దేవతలు సైతం మోటారుకారు ఎక్కారు. మండావాలోని బన్సీధర్ నెవాటియా హవేలీ వెలుపలి గోడమీద రైట్ సోదరుల విమానం, టెలిఫోనులో మాట్లాడే బాలుడు దర్శనమిస్తారు. ఆ భవనంలో తరువాతి కాలంలో ఒక బ్యాంకు శాఖ వెలసింది. ఇంతటి పనిమీద చిత్రకారుల సంతకాలు మాత్రం అతి స్వల్పం.

1930 తరువాత కొత్త హవేలీల నిర్మాణం దాదాపు ఆగిపోయింది. కుటుంబాలు నగరాలలోనే స్థిరపడ్డాయి. ఇళ్లకు తాళాలు, కాపలాదారులు మిగిలారు. నేలలోని ఉప్పుతేమ పునాదులగుండా పైకి పాకి గచ్చును పెకలిస్తుంది. సిమెంటుతో చేసే మరమ్మతు దానిని ఆపకపోగా, తేమకు బయటపడే దారిలేక చిత్రంగుండానే వెలికివచ్చేటట్లు చేస్తుంది. ప్రకటనలు, ఎన్నికల నినాదాలు, సున్నపు వెల్ల కొన్నింటిని కప్పివేశాయి. కొన్ని ఇళ్లు కూలి దుకాణాలయ్యాయి.

పరిపాలనాపరమైన చిక్కు ఇక్కడనే ఉన్నది. 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్లకు తక్కువకాని, జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకు వర్తిస్తుంది. రాష్ట్రానికి 1961 నాటి చట్టం ఉంది. నివాసగృహాలను వందలకొద్దీ రక్షిత కట్టడాలుగా ప్రకటించడం ఏ శాఖకూ సాధ్యం కాదు. ఒక్కొక్క హవేలీకి నాలుగైదు నగరాలలో చెదరిన వారసులుంటారు; ఒకరు అమ్మదలిస్తే మరొకరు అంగీకరించరు. గోడ వారిదే. కాని దానిపై చిత్రం వేయించిన పూర్వీకుడు దానిని వీధికోసమే వేయించాడు. చూసే హక్కు దారినపోయేవారికి అలవాటుగా సంక్రమించింది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణ ఉమ్మడి సంస్కృతీ వారసత్వాన్ని కాపాడడం పౌరుని విధి అంటున్నది కాని, ఆ విధికి అయ్యే ఖర్చు ఎవరిదో చెప్పదు.

కొందరు స్వయంగా పూనుకొన్నారు. నవల్‌గఢ్‌లో 1902 నాటి పోద్దార్ హవేలీ ప్రదర్శనశాల అయింది. ఫతేపూర్‌లో ఒక హవేలీని 1990ల చివర ఫ్రెంచి చిత్రకారిణి నదీన్ లె ప్రాన్స్ కొని బాగు చేయించారు. ఈ రెండింటా చిత్రాలు నిలిచాయి. అయితే లోనికి పోవడానికి టిక్కెట్టు కొనాలి. వాటి పొరుగున తాళం పడిన ఇళ్ల వెలుపలి గోడలు మాత్రం ఎండకు వెలుస్తూ, ఇప్పటికీ డబ్బు అడగకుండానే కనిపిస్తున్నాయి. సున్నపు గచ్చు పని తెలిసిన తాపీవానికి పురపాలక సంఘాల మరమ్మతు పద్దులలో స్థానం కల్పించడం, గోడను నిలుపుకొన్న యజమానికి ఇంటిపన్నులో కొంత మినహాయించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ముందుగా వెలుపలి గోడల ఛాయాచిత్రాలను వీధివారీగా తీయించి, ఆ జాబితా ఒక ప్రతిని ఆ పట్టణంలోనే ఉంచాలి.